రామలక్ష్మమ్మ చాప

పగటిపూట నాటకమంట! రామలక్ష్మమ్మ ఈతచాప మీద కాళ్ళు బారజాపుకుని, వక్క కొరుకుతూ, ఎదురుగా ఉన్న ఖాళీ కళ్ళాన్ని ఎగాదిగా చూసింది. మొన్నటిదాకా రాగికంకుల మీద గుండు తిరిగిన కళ్ళమే. పేడతో అలికి, నడిమధ్యన రెండు గుంజలు పాతి, వాటికి అడ్డంగా ఒక తాడు కట్టారు. అంతే. తెర లేదు, పెట్రోమాక్సు లైటు లేదు, హార్మోనియం లేదు, ఆఖరికి పౌడరు వాసనైనా లేదు. పడమటెండ నేరుగా కళ్ళల్లో పొడుస్తోంది. పగటిపూట ఆడేది కోతులాట గానీ నాటకమా అని మండికల్లు ఊరంతా నవ్వుతోంది. నవ్వదా మరి? సగం మంది చేతుల్లో ఇంకా కొడవళ్ళున్నాయి. కాసేపు చూసి, బాగలేకపోతే పోయి పచ్చిగడ్డి కోసుకుందామని వచ్చిన జనం ఇది. ఈ నాటకం ఆడించేవాడు ఎవడో పరాయివాడైతే ఆమె కూడా హాయిగా నవ్వి ఉండేది. వాడు తన కొడుకైపోయాడు, అదీ ఖర్మ.

నాటకమంటే ఏమిటో రామలక్ష్మమ్మకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అక్షరం ముక్క రాదు గానీ చింతామణిలో డేరా వేసిన కంపెనీని ఒక్కదాన్నీ వదల్లేదు. బాగేపల్లి జాతరకు బండ్ల వెనక నడిచి పోయింది. గౌరిబిదనూరు స్టేషన్లో కంపెనీ వాళ్ళ కిరీటాల పెట్టెలు దిగుతుంటే, పెళ్ళికూతురి సారె దిగుతున్నట్టు నోరు తెరుచుకుని చూసింది, పెళ్ళికి ముందు. చూడదగ్గ నాటకం ఏదంటే ఆమె లెక్కలు ఆమెకున్నాయి. రాజు అడుగు పెడితే బల్ల కిర్రుమనాలి. రాగం తీస్తే చంటిబిడ్డ పాలు మరిచిపోవాలి. నోరారా తిట్టుకోవడానికి ఒక దుర్మార్గుడు ఉండాలి. ఇంట్లో ఎవరినీ తిట్టలేక నాటకానికి వచ్చిన కోడళ్ళు ఎంతమంది, వాళ్ళ గతేం కావాలి? ఏడుపు రావాలి, కానీ పిలిచి తెచ్చుకున్న ఏడుపు కాకూడదు. చెంప మీద కొడితే ఎవడికైనా నీళ్ళొస్తాయి, అదేం గొప్ప? తనకు తెలియకుండా రావాలి. వచ్చినట్టు పక్కనున్నవాళ్ళకు తెలిసే లోపల కొంగుతో తుడిచేసుకోవాలి. అట్లాంటివి ఆమె ఆయుష్షులో ఒకటో రెండో చూసింది. మిగతావన్నీ తగరం కిరీటాలు, అరువు గొంతులు. ఇక ఆ వన్సుమోరు గాళ్ళను చూస్తే ఆమెకు కంపరం. కత్తి దిగి చచ్చి పడుకున్నవాణ్ణి లేపి మళ్ళీ పాడించుకుంటారు! వాడూ సిగ్గులేకుండా లేచి, మట్టి దులుపుకుని, పాడేసి, మళ్ళీ చస్తాడు. చావుకే మర్యాద లేనప్పుడు నాటకమెందుకు, నాలుగు పద్యాలు చింతచెట్టు కింద కూచుని పాడుకుంటే పోలా?

అందుకే ఆమె చాపకు అంత పేరొచ్చింది. నాటకం పాడైందని అనిపిస్తే రామలక్ష్మమ్మ ఒక్క మాట అనదు. లేస్తుంది. చాప రెండు మూలలు పట్టుకుని ఫట్టుమని దులుపుతుంది. ఆ చప్పుడు వింటే చాలు, వెనకున్న ఆడవాళ్ళంతా తమ చాపలు చుట్టేస్తారు, ఆడవాళ్ళ వెనక పిల్లలు, పిల్లల వెనక మొగవాళ్ళు. గంగాధరప్పకు ఆ రుచి తెలుసు. బాగేపల్లిలో రాజు వేషం కట్టి, ఒకే పద్యాన్ని మూడోసారి ఎత్తుకుంటుండగా ముందు వరసలో ఫట్టుమంది. కిరీటం నెత్తిన ఉండగానే రాజ్యం పోయింది పాపం. ఆ కోపంతో ఇన్నాళ్ళూ ఆమె ఇంటి ముందు నుంచి నడవనివాడు నిన్న పొద్దున పనిగట్టుకుని వచ్చి అరుగు మీద కూచున్నాడు. "అమ్మా, మీ వాడు నాటకానికి మర్యాద తీస్తాండాడు. పద్యం లేదంట, రాజు లేడంట. రేపు నువ్వు చాప దులిపితే ఊరికి ఉపకారం చేసినట్ల" అన్నాడు. ఆమె లోపలికి పోతూ, "నా చాప ఒకరు చెప్తే లేచేది కాదప్పా, ఒకరు చెప్తే కూచునేదీ కాదు" అంది. అన్న మాట బాగానే ఉంది. ఇప్పుడు వెనక ఎక్కడో ఆ గంగాధరప్ప దగ్గుతున్నాడు, ఆమె వినాలనే దగ్గుతున్నాడు. రాజు వేషానికి కూడా అంత గొంతు పెట్టలేదు వీడు.

ఆమె కొడుకు ఆంజనేయప్ప మొదట్నుంచీ ఇట్లాంటివాడు కాదు, చిన్నప్పుడు వాగుడుకాయ. మిలిటరీలో చేరి, ఎక్కడో కొరియానో గిరియానో, ఓడ ఎక్కి పోయి వచ్చాక వాడి నోటికి గడియ పడింది. అక్కడ యుద్ధం ఆగిపోయిందంట, పట్టుబడ్డ ఖైదీల్లో కొంతమంది మా ఊరికి మేము పోమని మొండికేశారంట, వాళ్ళకు కాపలా వీళ్ళు. ముళ్ళకంచె లోపల వాళ్ళు, బయట చేతికర్రతో వీడు, పైనుంచి మంచు. పోయొచ్చిన వాణ్ణి ఊరంతా చుట్టుముట్టి అడిగితే, "సలి ఎక్కువ" అన్నాడు, అంతే. రెండేళ్ళుగా అదే జవాబు. దున్నుతాడు, ఎద్దులకు నీళ్ళు పెడతాడు, ముద్ద తింటాడు, పడుకుంటాడు. ఈ మధ్య ఒకరోజు అనపకాయలు ఒలుస్తుంటే వాడంతట వాడే నోరు విప్పాడు. ఆ ఖైదీలు కంచె లోపల నాటకం ఆడినారంట, పట్టపగలు, నేల మీద. కంబళ్ళు చుట్టుకుని చీరలన్నారంట, గోనెసంచి చించి జుట్టన్నారంట. గడ్డం గీసుకున్న నున్నటి మొహంతో ఒక మగవాడు ముసలామె వేషం కట్టాడంట.

"కథేంది?" అని ఆమె అడిగింది, నాటకం మాట వినిపించాక ఊరుకునే నోరు కాదు కాబట్టి.

"ఒక ముసలామె ఉంటాది. ఆమె మనిషి ఏటికి అవతల ఉంటాడు. అంతే."

"వస్తాడా?"

"రాడు."

"ఏరు దాటేదానికి ఏం రోగం వాడికి?"

"తెలీదమ్మా. వాళ్ళ మాట నాకు ఒక్కటీ తెలీదు."

"తెలీని మాటలిని ఏం చూస్తివిరా గంటసేపు? పిచ్చోడా?"

వాడు చేటలో గింజలు ఏరాడు. ఏరుతూనే, "యాడ్చినాను" అన్నాడు. ఆమె ఉలిక్కిపడి, వెంటనే నవ్వేసింది. అర్థంకాని ఏడుపు ఏడవడానికి అంత దూరం పోవాలా, మన చింతామణి కంపెనీ వాళ్ళ గొంతులు వింటే చాలదా? ఆ నవ్వుకు వాడు మొహం దించుకున్నాడు. ఆ దించుకున్న మొహం ఇప్పుడెందుకు గుర్తుకొస్తోందో, ఎండకు కళ్ళు మండుతున్నాయి కాబోలు.

ఆ తర్వాతే వాడు ఇది తలకెత్తుకున్నది. నోటితో చెప్పలేనమ్మా, ఆడి చూపిస్తా అన్నాడు. ఊళ్ళో నలుగురు పనికిమాలినవాళ్ళను పోగేసి రోజూ రాగిగడ్డి మెద వెనక తాలీము. ఆమెను రానీయలేదు. మొన్న మాత్రం ముద్ద ముందు కూచుని తలెత్తకుండా చెప్పాడు. జనం కూచుంటే ఇక్కడే ఉంటాడంట, చెప్పినట్టు వింటాడంట. లేచిపోతే, ఈ ఊళ్ళో తన మాట వినేవాళ్ళు లేరనుకుని బెంగళూరికి పోయి గుడ్డల మిల్లులో చేరతాడంట. జనం కూచోవడమంటే ఏమిటి, ఆమె కూచోవడమే కదా! ఆ సంగతి వాడికి తెలియదా? తెలుసు. ఒక్కసారైనా "అమ్మా, దులపొద్దు" అని బతిమాలాడా? లేదు. పౌరుషం! ఎవరి పోలికో. కొడుకని కూచుంటే రేపటి నుంచి ఆ చాపకేం మర్యాద? లేస్తే ఇంట్లో ఇంకొకడు గడప దాటి పోతాడు. ఇంకొకడు అనుకుంది, అనుకున్నాక ఆ మాటను వక్కపిప్పితో పాటు పక్కకు ఊసేసింది.

మొదలైంది. మొదలైందని ఎవరికీ తెలియలేదు, గంట లేదు, ప్రార్థన లేదు. ఇద్దరు మనుషులు కర్రలు భుజాన వేసుకుని తాడు వెంట అటు పోయారు, ఇటు వచ్చారు. మళ్ళీ అటు పోయారు. మాట్లాడరు. ఆ నడిచేదేదో అనపచేలో నడిస్తే పిట్టలైనా పారిపోయేవి. "ఏం వదినా, వీళ్ళు ఏమన్నా పోగొట్టుకున్యారా?" అని పక్క చాప మీద నుంచి అక్కయమ్మ గుసగుసలాడింది. అక్కయమ్మ ఆమె ఆడబిడ్డ, మొగుడికి స్వయానా చెల్లెలు. నాటకానికి పక్కపక్కనే కూచుంటారు గానీ ఇద్దరి మధ్య ఒక జానెడు నేల ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. తాడుకు అవతల ఆ నలుగురిలో ఒకడైన బయ్యప్ప వచ్చి నిలబడ్డాడు, ఇటు వీపు పెట్టి. వీపు! జనానికి వీపు చూపించే నటుణ్ణి ఆమె ఇంతవరకూ చూడలేదు. మొహానికి రంగు పూసే డబ్బు లేక వీపు పెట్టారేమో. "ఒక పద్యమన్నా ఎత్తుకోప్పా!" అని ఎవడో అరిచాడు, నవ్వులు లేచాయి. బయ్యప్ప చలేసినట్టు చేతులు చంకల్లో పెట్టుకుని, "ఈ పొద్దుకు ఇంట్లో దీపం పెట్టుంటాది" అన్నాడు. ఎవరితో అన్నాడు? గాలితో. తిడదామంటే దుర్మార్గుడు లేడు. ఆ కర్రల వాళ్ళను తిడదామంటే వాళ్ళ మొహాల్లో దుర్మార్గమూ లేదు, నిద్రమొహాలు. తాడునా తిట్టేది? కొడవళ్ళ వాళ్ళు ఇద్దరు లేచి పోయారు. గంగాధరప్ప దగ్గు దగ్గరైంది. రామలక్ష్మమ్మ చెయ్యి చాప మూల మీదకు పోయి, అక్కడే కాసేపు ఉండి, వెనక్కి వచ్చింది.

అప్పుడు ముసలామె వచ్చింది. కొప్పు, వంగిన నడుము, చేతిలో చెంబు. జనం ఒక్కసారి గొల్లుమన్నారు. ఎందుకు నవ్వుతున్నారో అర్థం కావడానికి రామలక్ష్మమ్మకు కొంత టైము పట్టింది. ముందు చీర గుర్తుపట్టింది. వంకాయ రంగుది, అంచు చిరిగింది, తన పెట్టె అడుగున ఉండాల్సిన చీర. తర్వాత చీర కట్టుకున్నవాణ్ణి గుర్తుపట్టింది, ఆంజనేయప్ప. ఆ తర్వాత, దేవుడా, ఆ నడక. ఎడమకాలు కొంచెం ఈడ్చి, కొంగు నడుములో దోపి, తల ఎగరేసి నడిచే ఆ నడక మండికల్లో ఒక్కరిదే. వక్క కొరికే చప్పుడు, పిప్పి ఊసే తీరు, దారిలో ఉన్న కోడిని అదిలించడం, వీధిలో పోయేవాణ్ణి పిలిచి ఒక తిట్టు తిట్టి పంపించడం. "అయ్యయ్యో, వదినే!" అని అక్కయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెనక వరసల్లో కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. ఇదా వాడు ఏడ్చిన నాటకం! కన్నతల్లిని కళ్ళంలో కోతిని చేసి ఆడిస్తాడా! రెండేళ్ళు నోరు మూసుకుని వీడు చేసింది ఇదన్నమాట, తను ఎట్లా నడుస్తుందో, ఎట్లా ఊస్తుందో చూస్తూ కూచున్నాడు. చెవుల నుంచి ఆవిర్లు వచ్చాయి ఆమెకు. పోనీలే, మిల్లుకే పోనీ. వాళ్ళ నాయన పోలేదా? వీడూ పోతాడు.

మొగుడు మునియప్ప కూడా ఇట్లాగే ఒక మాట చెప్పి పోయాడు. ఆ ఏడు రాగి చేతికి రాలేదు, కోలారు గనిలో పని దొరుకుతుందని, ఉగాదికి వచ్చేస్తానని పోయాడు. ఎన్నో ఉగాదులు వచ్చాయి, ఆయన రాలేదు. గనిలో పడిపోయాడన్నారు కొందరు. అక్కడ ఇంకొకదాన్ని పెట్టుకున్నాడన్నారు కొందరు. ఊళ్ళో ఆడవాళ్ళు ఏడుద్దామని ముక్కులు సిద్ధం చేసుకుని వచ్చి వాకిట్లో కూచుంటే, ఆమె చేటతో రాగులు చెరుగుతూ, "పోయినోడు పోయినాడు, పీడ వదిలింది. మీకు పనుల్లేవా?" అని లేపి పంపించింది. బొట్టు సంగతి అడిగితే, "చచ్చినాడని ఎవరు చూసినారు? ఊరికే తుడుచుకునేదానికి ఇదేమన్నా మసా?" అంది. ఆ "పీడ" అన్న మాట అక్కయమ్మ చెవిన పడింది. పుట్టింటి తోడును పీడ అన్నదని ఆ రోజు నుంచీ మధ్యన ఆ జానెడు నేల. రామలక్ష్మమ్మ ఎప్పుడూ సర్దిచెప్పలేదు. ఏమని చెప్పాలి? నాటకాల్లో మొగుడు పోయిన రాణులు జుట్టు విరబోసుకుని రాగాలు తీస్తుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయేది. అట్లా ఎవరు ఏడుస్తారమ్మా? ఎక్కడుంది అంత తీరిక?

ఆమె లేచింది. మోకాలి మీద చెయ్యి ఆనించుకుని, నిటారుగా లేచి, చాప రెండు మూలలు పట్టుకుంది. కళ్ళమంతటికీ ఒక్కసారి తెలిసిపోయింది, ఎదురుచూస్తున్న జనమే కదా. అక్కయమ్మ అప్పుడే తన చాప సగం చుట్టేసింది. గంగాధరప్ప దగ్గడం మానేశాడు. ఆంజనేయప్ప కూడా చూశాడు, కొంగు కింద నుంచి ఒక్క చూపు. ఆగలేదు. బతిమాలలేదు. చెంబు పక్కన పెట్టి, చుట్టిపెట్టిన ఈతచాప ఒకటి తెచ్చి పరుచుకున్నాడు, దానిమీద తలగడగా పాతచీర మడత ఒకటి పెట్టాడు. తర్వాత ఇంటి లోపలికి పోయినట్టు నాలుగడుగులు వేసి ఇంకొక చాప తెచ్చాడు. దాన్ని విప్పి, తన చాప పక్కన, తాడుకు దూరంగా, ఇంటి గోడ ఉండాల్సిన వైపుకు పరిచాడు. చేత్తో నిమిరి సాపు చేశాడు. ఆ ఖాళీ చాప ముందు కూచుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని, తిట్టడం మొదలుపెట్టాడు, గట్టిగా కాదు, పక్కన నిద్రపోతున్న బిడ్డ లేస్తాడేమో అన్నట్టు. "ఏమప్పా, ఈ పొద్దూ రాలేదా? రావద్దు. నీ కోసం ఎవురు కాచుకోని ఉండారిక్కడ? ముద్ద కుక్కకేస్తా. రేపటి నుంచి చాప కూడా వెయ్యను, చూడు."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. రామలక్ష్మమ్మ చేతుల్లో చాప మూలలు అట్లాగే ఉన్నాయి. ఆ మాటలు ఆమె లోకంలో ఎవరి ముందూ అనలేదు. దీపం ఆర్పాక అనేది. తెల్లారకముందే, పాలవాడు కూడా లేవకముందే ఆ రెండో చాప చుట్టి అటక మీద పెట్టేసేది. రేపటి నుంచి వెయ్యను, రేపటి నుంచి వెయ్యను అంటూ ఎన్నేళ్ళు వేసిందో దేవుడికి తెలుసు. గాదె పక్కన గోడవైపు తిరిగి పడుకున్న కొడుకు ఆ రాత్రులు నిద్రపోలేదన్నమాట. వాగుడుకాయ, ఊరందరికీ అన్నీ చెప్పేవాడు, ఈ ఒక్కటీ ఎవరికీ చెప్పకుండా కడుపులో పెట్టుకుని ఓడెక్కి పోయాడు. అక్కడ, మంచులో, మాట తెలియని మనుషుల మధ్యన, గోనెసంచి జుట్టు పెట్టుకున్న ఎవడో ఒక మగవాడు ఖాళీ చాప ముందు కూచుని ఏదో అంటుంటే వీడికి అర్థమైపోయింది. తెలీని మాటలిని ఏం చూస్తివిరా అని తను నవ్వింది. కంచె బయట కర్ర పట్టుకుని నిలబడి వాడు ఒక్కడే ఏడ్చాడు. కళ్ళల్లో ఏదో పడినట్టైంది, తుడుచుకుందామంటే రెండు చేతుల్లోనూ చాప. అందరూ చూస్తున్నారు. చూడనీ. కానీ వాడు చేసిన పని చూసి ఆమెకు ఒళ్ళు మండింది, తప్పు తప్పే కదా, కొడుకు చేసినా ఎవడు చేసినా.

"గోడ పక్క కాదురా!" అంది రామలక్ష్మమ్మ, కళ్ళమంతా వినబడేట్టు. "వాకిలి పక్క వెయ్యల్ల ఆ చాప. అర్ధరాత్రి ఆయనొస్తే నన్ను దాటుకోని పోవల్లనా?"

ఎవరూ నవ్వలేదు. ఆంజనేయప్ప వంకాయ రంగు చీరలో అట్లాగే మోకాళ్ళ మీద కూచుని ఆమె వైపు చూశాడు. నాటకం మధ్యలో జనం వైపు చూడకూడదు, అంతమాత్రం తెలియదా వీడికి? తర్వాత లేచి, ఆ చాపను వాకిలి అనుకున్న తాడు వైపుకు లాగి, మళ్ళీ సాపు చేశాడు. తాడుకు అవతల బయ్యప్ప వీపు కదిలిపోతోంది, వాడికి ఏడవమని ఎవరూ నేర్పి ఉండరు. రామలక్ష్మమ్మ తన చాప దులపలేదు. కింద పరిచి, దాని మీద కూచుంది. వెనక సగం లేచినవాళ్ళంతా సగం లేచినట్టే నిలబడిపోతే తల తిప్పి, "కూచోండమ్మా, గుంజల మాదిరి అడ్డం నిలబడుకోని ఏంది? ఇంకా అయిపోలేదు" అని కసిరింది. గంగాధరప్ప కూడా కూచున్నాడు.

"వదినా," అంది అక్కయమ్మ, దగ్గరికి వంగి. "మా అన్న కోసం నువ్వు..."

"నోరు మూసుకోని చూడు. నాటకంలో మాట్లాడేదేంది?"

అక్కయమ్మ చుట్టిన చాప చంకలో పెట్టుకునే వచ్చింది. అడక్కుండా రామలక్ష్మమ్మ చాప మీదే కూచుంది. రామలక్ష్మమ్మ ఆమె వైపు చూడలేదు గానీ, కొంచెం జరిగి చోటిచ్చింది.